‘నాకు ఉంది’ అంటే ఒకటి, ‘నేను చేస్తున్నాను’ అంటే మరొకటి: ఇంగ్లీషులో స్థితి క్రియలను, చర్య క్రియలను వేరు చేయడం ఎలా?

శ్రీకాకుళం పక్క పల్లె నుంచి మా బడికి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ఒక వానాకాలంలో పది రోజుల తేడాతో నాకు రెండు సెలవు చీటీలు ఇచ్చింది. మొదటి చీటీలో ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని రాసింది, రెండో చీటీలో ‘ఐ యామ్ హావింగ్ ఫీవర్’ అని రాసింది. నేను రెండో వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఇచ్చాను. ఆమె ఆ గీత వంక కాసేపు చూసి, ‘మాస్టారూ, రెండూ జ్వరమే కదండీ, రెండిటికీ ఇంగ్ పెట్టాను కదండీ, ఒకటి ఒప్పు, ఒకటి తప్పు ఎలాగయిందండీ?’ అని అడిగింది. ఆ క్షణాన నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: ‘హావ్’ స్టేటివ్ వెర్బ్, దానికి ఇంగ్ రాదు. అది జవాబు కాదని ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది. ఆమె అడిగింది ఎందుకు అని, నేను చెప్పింది పేరు మాత్రమే.

ఆ ప్రశ్నకు జవాబు మన తెలుగులోనే ఉందని నాకు తరువాత తెలిసింది. తెలుగు మాట్లాడే వారికి ఈ భేదం కొత్తగా నేర్చుకోవలసిన విషయం కాదు, ప్రతి రోజూ నోట పలుకుతున్నదే. దానిని గుర్తుపట్టి ఇంగ్లీషుకు ఎలా అన్వయించాలో మెట్టు మెట్టుగా ఇక్కడ వివరిస్తున్నాను. ఒక నోటు పుస్తకం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి, ఎందుకంటే మధ్యలో మీరు కొన్ని వాక్యాలను రాసి చూడవలసి ఉంటుంది.

మొదటి మెట్టు: పేర్లను సరిగ్గా అర్థం చేసుకోండి

ఇంగ్లీషు వ్యాకరణంలో స్టేటివ్ వెర్బ్ అంటే ఒక స్థితిని తెలిపే క్రియ, యాక్షన్ వెర్బ్ అంటే ఒక పనినో, జరుగుతున్న సంగతినో తెలిపే క్రియ. రెండోదానిని డైనమిక్ వెర్బ్ అని కూడా అంటారు, నిజానికి ఆ పేరే మేలైనది. యాక్షన్ అనగానే మన పిల్లలు చెమటోడ్చి చేసే పని అనుకుంటారు. నిద్రపోవడంలో శ్రమ లేదు, వాన కురవడంలో ఎవరి ప్రయత్నమూ లేదు, అయినా ‘స్లీప్’, ‘రెయిన్’ రెండూ చర్య క్రియలే. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అని మనం చిన్నప్పటి నుంచీ తప్పు లేకుండా రాస్తున్నాం. కాబట్టి చూడవలసింది శ్రమను కాదు. ఆ క్రియ చెప్పే విషయం కాలంలో ముందుకు సాగుతోందా, అందులో ఏదైనా జరుగుతోందా, లేక ఏ క్షణంలో చూసినా ఒకేలా ఉందా అన్నదే చూడాలి.

మరొక పొరపాటు కూడా ఇక్కడే సరిదిద్దుకోవాలి. సకర్మక క్రియ, అకర్మక క్రియ అని మనం చదువుకున్న విభజనకూ దీనికీ సంబంధం లేదు. ‘నో’, అంటే తెలిసి ఉండటం అనే క్రియ, కర్మను తీసుకుంటుంది కాని అది స్థితి క్రియ. ‘స్లీప్’ కర్మను తీసుకోదు కాని అది చర్య క్రియ.

ఉండటం కూడా క్రియేనా అన్న ఆలోచన మన దేశంలో చాలా పాతది. సంస్కృత పదాల అర్థాలను వివరించే ‘నిరుక్తం’ రాసిన ప్రాచీన పండితుడు యాస్కుడు, తన పూర్వీకుడైన వార్ష్యాయణి మాటగా భావవికారాలు, అంటే క్రియ చెప్పే భావం తీసుకునే రూపాలు, ఆరు అని చెబుతాడు: పుట్టడం, ఉండటం, మారడం, పెరగడం, క్షీణించడం, నశించడం. ఈ ఆరింటిలో ఐదు ఏదో ఒక మార్పును చెప్పేవే, ‘అస్తి’ ఒక్కటే ఏ మార్పూ లేకుండా కేవలం ఉండటాన్ని చెబుతుంది. పడమటి దేశాలలో ఈ విషయాన్ని ఆధునికంగా విడమరచిన వారిలో తత్త్వవేత్త జెనో వెండ్లర్ ముఖ్యుడు. ఆయన 1957లో క్రియలను కాలంతో వాటికి ఉండే సంబంధాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించి, స్థితులను వేరే తరగతిగా నిలబెట్టాడు. బడి చదువుకు ఆ నాలుగూ అవసరం లేదు, స్థితి ఒక పక్క, మిగిలిన మూడూ కలిపి చర్య మరొక పక్క అనుకుంటే చాలు.

రెండో మెట్టు: వాక్యాన్ని ‘ఉంది’తో తిరగరాయండి

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. ఇంగ్లీషులో రాయబోయే విషయాన్ని ముందు తెలుగులో అనుకోండి, తరువాత అదే విషయాన్ని ‘ఉంది’ అనే మాటతో చెప్పగలరేమో చూడండి. అర్థం చెడకుండా చెప్పగలిగితే అది చాలావరకు స్థితి, చెప్పలేకపోతే చర్య.

‘నేను ఆయనను నమ్ముతున్నాను’ అన్న వాక్యాన్ని తీసుకుందాం. ‘నాకు ఆయన మీద నమ్మకం ఉంది’ అంటే అర్థం ఏమీ మారలేదు. కాబట్టి ఇంగ్లీషులో ‘ఐ బిలీవ్ హిమ్’ అనాలి, ‘ఐ యామ్ బిలీవింగ్ హిమ్’ అనకూడదు. ‘నేను అనుమానిస్తున్నాను’ అన్నా ‘నాకు అనుమానం ఉంది’ అన్నా ఒకటే, కనుక ‘ఐ డౌట్ ఇట్’. ‘నాకు డబ్బు అవసరం ఉంది’ అంటాం కనుక ‘ఐ నీడ్ మనీ’. గుర్తుంది, ఇష్టంగా ఉంది, అసహ్యంగా ఉంది, అసూయగా ఉంది, ఆ ఇల్లు మా పెదనాన్నగారి పేరున ఉంది, ఈ పెట్టెలో పది పుస్తకాలు ఉన్నాయి, ఇవన్నీ ఈ దారిలోనే వస్తాయి: ‘రిమెంబర్’, ‘లైక్’, ‘హేట్’, ‘ఎన్వీ’, ‘ఓన్’, ‘కంటెయిన్’.

ఇప్పుడు ‘నేను వంట చేస్తున్నాను’ అన్న వాక్యాన్ని తిప్పి చూడండి. ‘నాకు వంట ఉంది’ అంటే చేయవలసిన వంట మిగిలి ఉందని అర్థం వస్తుంది, మొదటి అర్థం పోయింది. ‘నాకు చెమట పడుతోంది’ అన్నదానిని ‘నాకు చెమట ఉంది’ అని ఎవరూ అనరు. కాబట్టి ‘ఐ యామ్ కుకింగ్’, ‘ఐ యామ్ స్వెటింగ్’ అని ఇంగ్ పెట్టి రాయవచ్చు. ‘నాకు దగ్గు వస్తోంది’ అంటే ఈ నిమిషాన దగ్గుతున్నానని, ‘నాకు దగ్గు ఉంది’ అంటే ఆ జబ్బు నన్ను పట్టుకుని ఉందని. మొదటిది ‘ఐ యామ్ కాఫింగ్’, రెండోది ‘ఐ హావ్ ఎ కాఫ్’. తెలుగు ఎంత స్పష్టంగా విడదీసి ఇచ్చిందో చూడండి.

ఈ పరీక్ష చేసేటప్పుడు మరొక గుర్తును కూడా గమనించండి. స్థితిని చెప్పే తెలుగు వాక్యాలలో చాలావాటికి ‘నేను’ బదులు ‘నాకు’ వస్తుంది: నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు అర్థమైంది. ఇంగ్లీషులో అన్నిటికీ ‘ఐ’ అనే ఒకే కర్త వస్తుంది కనుక ఈ భేదం పైకి కనిపించదు, అది క్రియ లోపల దాగి ఉంటుంది. ‘తెలుసు’ అనే మాటకు వర్తమానంలో ‘తెలుస్తూ ఉన్నాను’ వంటి రూపమే లేదు. అలాంటి మాటను ‘ఐ యామ్ నోయింగ్’ అని రాసేటప్పుడు, మన భాషలోనే లేని రూపాన్ని ఇంగ్లీషు మీద రుద్దుతున్నాం.

మరి తప్పు ఎక్కడి నుంచి వస్తోంది? నమ్ముతున్నాను, ప్రేమిస్తున్నాను, కోరుకుంటున్నాను, అనిపిస్తోంది, కనిపిస్తోంది వంటి మాటల చివర ఉన్న ‘తున్నాను’, ‘తోంది’ నుంచి వస్తోంది. ‘తున్నాను’ అనగానే ‘ఇంగ్’ అని చిన్న తరగతులలో బల్ల గుద్ది చెబుతాం. తినడం, ఆడుకోవడం, పరుగెత్తడం వంటి మాటలు ఉన్నంతవరకు ఆ సూత్రం పనిచేస్తుంది, మనసుకు సంబంధించిన మాటలు రాగానే అదే మోసం చేస్తుంది. అందుకే మాట చివర ఏముందో చూడకండి, ‘ఉంది’తో తిరగరాసి చూడండి.

మూడో మెట్టు: ఆజ్ఞ ఇచ్చి చూడండి

‘ఉంది’ పరీక్ష అన్ని చోట్లా పనిచేయదు. ‘అతను కూర్చుని ఉన్నాడు’, ‘ఆమె పట్టుచీర కట్టుకుని ఉంది’, ‘బాబు తాడు పట్టుకుని ఉన్నాడు’ అన్న వాక్యాలలో ‘ఉంది’ ఉన్నా ఇంగ్లీషులో ‘సిట్టింగ్’, ‘వేరింగ్’, ‘హోల్డింగ్’ అనే అనాలి. ఇలాంటి చోట రెండో పరీక్షగా ఎదుటివారికి ఆ పనిని ఆజ్ఞగా చెప్పి చూడండి. కూర్చో, కట్టుకో, పట్టుకో అని చెప్పగలం, వారు కావాలనుకుంటే లేవగలరు, విప్పగలరు, వదిలేయగలరు. మొదలుపెట్టడం, ఆపడం మనిషి చేతిలో ఉన్నవి చర్యల పక్షాన నిలుస్తాయి. ‘ఎనభై కిలోల బరువు ఉండు’ అని బస్తాకు చెప్పలేం, ‘ఈ ఇల్లు నీదై ఉండు’ అని ఎవరికీ చెప్పలేం.

ఆ అమ్మాయి ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఈ మెట్టు మీదనే. ‘బాధపడకు’ అని మనిషితో అంటాం, ఎందుకంటే బాధపడటం అనుభవిస్తూ సాగేది, గంట గంటకూ గడుస్తూ ఉండేది. ‘జ్వరం ఉండకు’ అని ఎవరితోనూ అనలేం. అందుకే ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ నిలిచింది, ‘హావింగ్ ఫీవర్’ పడిపోయింది. ‘ఐ హావ్ ఫీవర్’ అనో, ఇంకా చక్కగా ‘ఐ హావ్ ఎ ఫీవర్’ అనో రాయాలి. ఇది చెప్పినప్పుడు ఆమె చీటీ వెనక వైపు ‘జ్వరం ఉండకు’ అని తెలుగులో రాసుకుని, పక్కన తప్పు గుర్తు పెట్టుకుంది. ఆ చిన్న గుర్తు నేను రాసి ఇచ్చిన పట్టికలన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

ఆజ్ఞ పరీక్షకు లొంగనివి కొన్ని ఉన్నాయని ముందే చెప్పడం న్యాయం. ‘నన్ను నమ్ము’, ‘ఇది గుర్తుంచుకో’, ‘పొరుగువారిని ప్రేమించు’ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అంటాం, అయినా ‘బిలీవ్’, ‘రిమెంబర్’, ‘లవ్’ స్థితి క్రియలే. ఈ మూడింటి విషయంలో రెండో మెట్టు తీర్పునే ఖాయం చేయండి.

నాలుగో మెట్టు: ఒకే మాట రెండు ముఖాలతో వచ్చినప్పుడు తెలుగును సాక్షిగా పిలవండి

పరీక్షలలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, పట్టికలను బట్టీ పట్టడం ఎందుకు వృథా అని నేను అంటున్నదీ ఇందుకే. ఇంగ్లీషులో కొన్ని క్రియలు ఒక అర్థంలో స్థితిని, మరొక అర్థంలో చర్యను చెబుతాయి. అదే మాట పట్టికలో రెండు వైపులా కనిపిస్తే బట్టీ పట్టిన పిల్లవాడు ఏం చేస్తాడు? తెలుగులో మాత్రం చాలా చోట్ల ఆ రెండు అర్థాలకు రెండు వేరు వేరు మాటలు ఉన్నాయి.

పలాసలో జీడిపిక్కల వ్యాపారం జరిగే చోట ఒక పూట నిలబడి చూడండి. కాటా మీద బస్తా పెట్టి గుమాస్తా దానిని తూస్తున్నాడు. బస్తా ఎనభై కిలోలు తూగుతోంది. తూచడం మనిషి పని, తూగడం బస్తా గుణం. ఇంగ్లీషులో రెండిటికీ ‘వెయ్’ అనే ఒకే మాట. తూస్తున్నాడు అంటే ‘హీ ఈజ్ వెయింగ్ ద బ్యాగ్’, తూగుతోంది అంటే ‘ద బ్యాగ్ వెయ్స్ ఎయిటీ కిలోస్’. ‘తూగుతోంది’లో కూడా ‘తోంది’ ఉంది కనుక ‘ద బ్యాగ్ ఈజ్ వెయింగ్’ అని రాయాలనిపిస్తుంది, కాని ‘బస్తాలో ఎనభై కిలోల బరువు ఉంది’ అని తిరగరాయగానే సంగతి తేలిపోతుంది.

ఇప్పుడు పొందూరు వెళదాం. అక్కడ సన్న నూలు ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఎముకకు వరసగా ఉన్న సన్నని పళ్ల మధ్య నుంచి పత్తి పోగులు చిక్కు వదిలి, నలుసు రాలి, పొగమంచులా విడివడి వస్తాయి. అలా నేసిన బట్టను కొనడానికి వచ్చిన ఒక ఇల్లాలు బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచును పట్టి తడిమి చూస్తోంది: ‘షి ఈజ్ ఫీలింగ్ ద క్లాత్’. ఆ బట్ట చేతికి మెత్తగా ఉంది: ‘ద క్లాత్ ఫీల్స్ సాఫ్ట్’. బట్ట తనంతట తాను ఏమీ చేయడం లేదు, వేళ్లే కదులుతున్నాయి.

ఉద్దానంలో పనసపండు కోసినప్పుడు కూడా ఇంతే. ‘పండు కమ్మని వాసన వస్తోంది’ అంటే ‘ద ఫ్రూట్ స్మెల్స్ స్వీట్’. ‘అమ్మమ్మ పండును వాసన చూస్తోంది’ అంటే ‘గ్రాండ్‌మదర్ ఈజ్ స్మెల్లింగ్ ద ఫ్రూట్’. కూర రుచిగా ఉంటే ‘టేస్ట్స్ గుడ్’, కూరను రుచి చూస్తుంటే ‘ఈజ్ టేస్టింగ్ ద కర్రీ’.

ఈ ఉదాహరణలను వరసగా రాసుకుంటే ఒక అందమైన విషయం బయటపడుతుంది, దీనిని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, పాఠం చెబుతూ ఉండగా నల్లబల్ల మీద తానే కనిపించింది: వాసన చూడు, రుచి చూడు, తడిమి చూడు, తూచి చూడు. మనిషి కావాలని చేసే ప్రతి చోటా తెలుగు ‘చూడు’ అనే మాటను తెచ్చి చేర్చింది. కాబట్టి ఇంద్రియాలకు సంబంధించిన వాక్యంలో ‘చూడు’ పొసగితే ఇంగ్ పెట్టండి, పొసగకపోతే తీసేయండి.

చూపు, వినికిడి విషయంలో ఇంగ్లీషు కూడా మనలాగే వేరు వేరు మాటలను వాడుతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పక్షులను చూడటానికి వెళ్లారనుకోండి. చెట్ల మీద పక్షులు మీకు కనిపిస్తున్నాయి: ‘ఐ కెన్ సీ ద బర్డ్స్’ అనాలి. మీరు వాటిని కన్నార్పకుండా చూస్తున్నారు: ‘ఐ యామ్ వాచింగ్ ద బర్డ్స్’. కనిపించడానికి ‘సీ’, చూడటానికి ‘లుక్’ లేక ‘వాచ్’. అలాగే వినిపించడానికి ‘హియర్’, వినడానికి ‘లిజన్’. ‘ఐ యామ్ హియరింగ్ ఎ సౌండ్’ అని రాయబోయి ఆగి, వినిపిస్తోందా, వింటున్నానా అని అడిగితే ‘ఐ కెన్ హియర్ ఎ సౌండ్’ అన్నదే సరైనదని మీకే తెలుస్తుంది.

‘థింక్’ కూడా రెండు ముఖాల మాటే. ‘ఇది మంచిదని నేను అనుకుంటున్నాను’ అంటే అది నా అభిప్రాయం, అంటే నాకు ఆ అభిప్రాయం ఉంది: ‘ఐ థింక్ ఇట్ ఈజ్ గుడ్’. ‘నేను ఉద్యోగం మారడం గురించి ఆలోచిస్తున్నాను’ అంటే మనసులో పని జరుగుతోంది: ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ చేంజింగ్ మై జాబ్’. అనుకోవడం, ఆలోచించడం అన్న రెండు మాటలే ఇక్కడ తీర్పరులు.

ఇక ‘హావ్’. ఉండటం అన్న అర్థంలో వచ్చినంతవరకు అది స్థితి: ‘వి హావ్ టూ కౌస్’, ‘షి హావ్’ కాదు, ‘షి హాజ్ ఎ హెడేక్’. భోజనం చేయడం, టీ తాగడం, స్నానం చేయడం, కబుర్లు చెప్పుకోవడం అన్న అర్థంలో వస్తే అది చర్య: ‘వి ఆర్ హావింగ్ లంచ్’. ఇదే కుటుంబంలో ‘బి’ అనే క్రియ కూడా ఉంది. ‘హీ ఈజ్ స్టబ్బర్న్’ అంటే అతను మొండివాడు, అది స్వభావం. ‘హీ ఈజ్ బీయింగ్ స్టబ్బర్న్’ అంటే ఇప్పుడు మొండికేస్తున్నాడు. మొండివాడు, మొండికేస్తున్నాడు అన్న తేడా తెలిసిన వారికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేదు.

ఐదో మెట్టు: స్థితి అని తేలాక వాక్యాన్ని సరిదిద్దండి

ఇది చిన్న పని. ‘యామ్’, ‘ఈజ్’, ‘ఆర్’లను తీసేయండి, ఇంగ్‌ను తీసేయండి, కర్త ‘హీ’, ‘షి’, ‘ఇట్’ అయితే క్రియ చివర ‘ఎస్’ చేర్చండి. ‘దిస్ ల్యాండ్ ఈజ్ బిలాంగింగ్ టు అస్’ అన్నది ‘దిస్ ల్యాండ్ బిలాంగ్స్ టు అస్’ అవుతుంది. ఈ ‘బిలాంగ్’ నాకు బాగా గుర్తున్న మాట. చదువు ముగించిన కొత్తలో ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ బిలాంగింగ్ టు శ్రీకాకుళం’ అన్నాను. ఎదుట కూర్చున్న వారిలో ఒకరు నవ్వారు, మరొకరు నా వాక్యాన్ని సరిచేసి తిరిగి చెప్పారు, కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. తప్పు దిద్దేటప్పుడు కారణం చెప్పకపోవడం నేర్చుకునే వారికి చేసే అన్యాయమని నేను అప్పటి నుంచీ గట్టిగా నమ్ముతున్నాను. అన్నట్టు, సొంత ఊరి గురించి చెప్పడానికి ‘ఐ యామ్ ఫ్రమ్ శ్రీకాకుళం’ అన్నదే అన్నిటికన్నా సహజమైన వాక్యం.

ఇంగ్ తీసేసిన తరువాత వచ్చే రూపం విషయంలో పిల్లలకు ఒక సందేహం వస్తుంది. ‘ఐ ఈట్’ అంటే రోజూ తింటానని కదా, అలాగే ‘ఐ నో’ అంటే రోజూ తెలుస్తుందని అర్థం వస్తుందా? రాదు. చర్య క్రియ మామూలు వర్తమానంలో అలవాటును చెబుతుంది, స్థితి క్రియ అదే రూపంలో ఈ క్షణాన ఉన్న సంగతిని చెబుతుంది. మామూలు వర్తమానంలో కనిపించినంత మాత్రాన ప్రతి క్రియా స్థితి క్రియ కాదన్న సంగతి కూడా మరచిపోకండి. ‘వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది’ అన్నదానిని ‘ద వంశధార జాయిన్స్ ద సీ ఎట్ కళింగపట్నం’ అని రాస్తాం. అక్కడ ఇంగ్ లేకపోవడానికి కారణం అది ఎప్పటికీ నిలిచే నిజం కావడం. నది మాత్రం పారుతూనే ఉంది.

భూతకాలంలో, భవిష్యత్తులో స్థితి క్రియలకు ఏ అడ్డూ లేదు. ‘న్యూ’, ‘వాంటెడ్’, ‘విల్ నో’ అన్నీ రాయవచ్చు. ‘వాజ్ నోయింగ్’, ‘విల్ బి వాంటింగ్’ అన్న రూపాలకు మాత్రం దూరంగా ఉండండి.

ఆరో మెట్టు: ‘పదేళ్లుగా తెలుసు’ అని ఎలా చెప్పాలి?

పదేళ్లుగా తెలుసు, 2015 నుంచి ఈ స్కూటర్ నా దగ్గర ఉంది అన్న వాక్యాలు మన వారికి కష్టం, ఎందుకంటే తెలుగులో వర్తమానమే సరిపోతుంది. ‘ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అన్న వాక్యంలో రెండు తప్పులు ఉన్నాయి. మొదలు గతంలో ఉండి ఇప్పటిదాకా కొనసాగితే ఇంగ్లీషు ‘హావ్’ చేర్చి మూడో రూపాన్ని అడుగుతుంది: ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’. తెలుగులో ‘గా’ వచ్చే చోట, అంటే పదేళ్లుగా, మూడు నెలలుగా అన్నప్పుడు ‘ఫర్’ పెట్టండి. ‘2015 నుంచి’, ‘సోమవారం నుంచి’ అని మొదలైన సమయాన్ని చెప్పినప్పుడు ‘సిన్స్’ పెట్టండి. చర్య క్రియ అయితే ఇక్కడ ‘బీన్’, ఇంగ్ రెండూ వస్తాయి: ‘ఐ హావ్ బీన్ టీచింగ్ ఫర్ టెన్ ఇయర్స్’. స్థితి క్రియ అయితే ‘ఐ హావ్ బీన్ నోయింగ్’ అని ఎప్పుడూ రాయకూడదు.

ఏడో మెట్టు: ఇంగ్‌ను చూసి అతిగా భయపడకండి

ఇంతవరకు చదివి, స్థితి క్రియ పక్కన ఇంగ్ కనిపించగానే ఎర్ర గీత గీయకండి. నిషేధం ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్’ వంటి వాటి వెనక వచ్చే ఇంగ్‌కు మాత్రమే. నామవాచకంలా వచ్చినప్పుడు అదే మాట చక్కగా నిలుస్తుంది: ‘నోయింగ్ ఇంగ్లీష్ ఈజ్ యూజ్‌ఫుల్’, అంటే ఇంగ్లీషు తెలిసి ఉండటం ఉపయోగకరం. ‘నాట్ హావింగ్ మనీ, హీ వాక్డ్ హోమ్’ అన్నదీ సరైన వాక్యమే. మీనింగ్, ఫీలింగ్, బిలాంగింగ్స్ అన్నవి నామవాచకాలు.

ఒంట్లో, మనసులో ఆ పూటకు కలిగే వాటి విషయంలో ఇంగ్లీషు రెండు రూపాలనూ ఒప్పుకుంటుంది: ‘ఐ ఫీల్ బెటర్’ అన్నా ‘ఐ యామ్ ఫీలింగ్ బెటర్’ అన్నా ఒకటే. ‘హర్ట్’, ‘ఏక్’, ‘హోప్’ కూడా ఇలాంటివే. ‘లివ్’ విషయంలో మన ‘ఉంటాను’, ‘ఉంటున్నాను’ అన్న తేడా దాదాపుగా సరిపోతుంది. స్థిరనివాసమైతే ‘ఐ లివ్ ఇన్ విజయనగరం’, కొన్నాళ్లకని వచ్చి ఉంటే ‘ఐ యామ్ లివింగ్ ఇన్ విజయనగరం’.

ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న మరొకటి ఉంది: మెక్‌డొనాల్డ్స్ వారు 2003 నుంచి ‘ఐ యామ్ లవిన్ ఇట్’ అని ప్రకటిస్తున్నారు కదా, అది తప్పు కాదా? ఈ క్షణంలో పొందుతున్న ఆనందాన్ని చెప్పడానికి వాడుకలో అలా అంటారు, ప్రకటనకు ఆ చనువు కావాలి. పరీక్ష పత్రంలో, అర్జీలో, ఉద్యోగపు ఉత్తరంలో ‘ఐ లవ్ ఇట్’ అనే రాయండి. మన దేశంలో ‘ఐ యామ్ నోయింగ్’ అనేవారిని ఎగతాళి చేయడం కూడా తగదు, అది వారి మాతృభాష ఇంగ్లీషు మీద వేసిన ముద్ర. జనం నోటి మాటకు విలువ ఇవ్వాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో మన జిల్లా పర్వతాలపేటలో పుట్టినవారు, సవరల భాషను సవరల నోటి నుంచే నేర్చుకుని దానికి వ్యాకరణం రాసినవారు. ఆయన పుట్టిన జిల్లాలో ఇంగ్లీషు నేర్పేటప్పుడు పిల్లల సొంత తెలుగును అడ్డంకిగా కాక ఆధారంగా తీసుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు మీరే దిద్దండి

నోటు పుస్తకంలో ఈ ఎనిమిది వాక్యాలనూ రాసుకోండి. ప్రతి దాని పక్కన ముందు తెలుగు రాయండి, ‘ఉంది’తో తిప్పి చూడండి, ఆ తరువాతే ఇంగ్లీషును ముట్టుకోండి. కొన్ని ఇప్పటికే సరిగ్గా ఉన్నాయి, వాటిని చెడగొట్టకండి.

1. మై అంకుల్ ఈజ్ ఓనింగ్ ఎ కాషూ గార్డెన్ నియర్ పలాస.
2. హీ ఈజ్ వెయింగ్ ద నట్స్ నౌ.
3. ఈచ్ బ్యాగ్ ఈజ్ వెయింగ్ ఎయిటీ కిలోస్.
4. హీ ఈజ్ నోయింగ్ ద బయ్యర్ సిన్స్ 2015.
5. వి ఆర్ హావింగ్ లంచ్ అండర్ ఎ ట్రీ.
6. ద కర్రీ ఈజ్ టేస్టింగ్ గుడ్.
7. మై ఆంట్ ఈజ్ టేస్టింగ్ ద రైస్.
8. ఐ యామ్ థింకింగ్ దట్ ద రెయిన్ ఈజ్ కమింగ్.

మొదటి దానిలో తోట బాబాయి పేరున ఉంది కనుక ‘ఓన్స్’ అని మార్చాలి. రెండోది తూచడం, అలాగే ఉంచాలి. మూడోది తూగడం, ‘వెయ్స్’ అని మార్చాలి. నాలుగోది 2015 నుంచి ఇప్పటిదాకా ఉన్న పరిచయం, ‘హీ హాజ్ నోన్ ద బయ్యర్ సిన్స్ 2015’ అని మార్చాలి. ఐదోది భోజనం చేయడం, అందులో తప్పు లేదు. ఆరోదానిలో కూర రుచిగా ఉంది, ‘టేస్ట్స్ గుడ్’ అనాలి. ఏడోదానిలో పిన్ని అన్నం ఉడికిందో లేదో నోట వేసుకుని చూస్తోంది, ‘చూడు’ పొసిగింది కనుక వాక్యం నిలుస్తుంది.

ఎనిమిదోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే అందులో ఇంగ్ రెండు చోట్ల ఉంది, దిద్దవలసింది ఒక్క చోటే. ‘వాన వస్తోందని అనుకుంటున్నాను’ అన్నది తెలుగు. అనుకోవడం నా అభిప్రాయం, అది ‘ఐ థింక్’ అవుతుంది. వాన మాత్రం నిజంగానే సముద్రం మీద నుంచి కదిలి తోట వైపు వస్తోంది, దాని ఇంగ్ దానికే ఉంచాలి: ‘ఐ థింక్ దట్ ద రెయిన్ ఈజ్ కమింగ్’.